సుగ్గికి వెళ్ళే ఇళ్ళ పిల్లలు: బడి ఆగకుండా ఏం చేయగలం?

బడిగంట
అందరికీ నమస్కారం. కర్నూలు జిల్లా పశ్చిమాన ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మా వైపు సుగ్గి, అంటే కోతల కాలపు కూలి వలస, మొదలైంది. తెలియని వారి కోసం రెండు మాటలు. ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, హొళగుంద, హాలహర్వి మండలాల్లో ఎక్కువ భూమి వానను నమ్ముకున్నదే. తుంగభద్ర పక్కనే పారుతుంది కానీ దిగువ కాలువ చివరి ఊళ్ళకు నీరు చేరడం కష్టం. పంట చేతికొచ్చినా రాకపోయినా దీపావళి దాటేసరికి కుటుంబాలు మూటలు కట్టుకుంటాయి. ముందు పత్తి తీతకు, సంక్రాంతి తర్వాత మిరప కోతకు గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాలకు వెళతారు. కొందరు తెలంగాణకు పోతారు. ఉగాది దాటితే గాని ఊళ్ళు మళ్ళీ నిండవు.

హాజరు పట్టీ చూస్తే ఏ వీధి ఖాళీ అయిందో చెప్పేయగలను. గత వారం ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, "సార్, పుస్తకాలు బడిలోనే పెట్టి పోవచ్చా? అక్కడ గుడారం పట్టా కింద మంచుకు తడిసిపోతాయి" అని అడిగింది. బీరువాలో పెట్టించాను. పుస్తకాలకైతే చోటు చూపించగలిగాను. పిల్లను ఆపడానికి నా దగ్గర ఏ దారీ లేకపోయింది. తల్లిదండ్రులతో పాటు మరుసటి రాత్రే వెళ్ళిపోయింది.

ఈ పిల్లలు మార్చిలోనో ఏప్రిల్‌లోనో తిరిగి వస్తారు. అప్పటికి పాఠాలు అయిపోతాయి. పదో తరగతి వారికైతే సరిగ్గా మిరప కోతలు జోరుగా ఉన్న మార్చిలోనే పబ్లిక్ పరీక్షలు. ఈ విషయంలో అనుభవం ఉన్న వారు, అటు కోతలు జరిగే జిల్లాల వారు కూడా మాట్లాడాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. సానుభూతి అక్కర్లేదు. ఏం చేస్తే పని జరిగిందో చెప్పండి.

ఎర్రనేల
మాష్టారూ, వలస ఇళ్ళ పిల్లల కోసం ఆ నెలల్లో నడిపే సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయి కదా? సమగ్ర శిక్ష అనే బడుల పథకం కింద ఏటా పెడుతున్నారు. తల్లిదండ్రులు పిల్లల్ని అక్కడ వదలకుండా వెంట తీసుకుపోతే ప్రభుత్వం మాత్రం ఏం చేస్తుంది? ఇంకో రెండు చేతులు ఉంటే ఇంకో నాలుగు కిలోల కాయలు వస్తాయని తీసుకుపోతారు. కఠినంగా అనిపించినా ఇది నిజం.

బడిగంట
మీ మాటలో కొంత నిజం ఉంది, కాదనను. కానీ హాస్టల్ ఎప్పుడు తెరుస్తారో చూడండి. ముందు పై నుంచి మంజూరు రావాలి. తర్వాత పిల్లల జాబితా, ఆ తర్వాత వంట మనిషి నియామకం. ఇవన్నీ అయ్యేసరికి సగం ఊరు వెళ్ళిపోయి ఉంటుంది. కూలీలను కుదిర్చి తీసుకుపోయే మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేది దసరా ముందూ వెనుకా. ఆ డబ్బు చేతిలో పడ్డ రోజునే ఎవరెవరు వెళ్ళాలో ఇంట్లో లెక్క తేలిపోతుంది. డిసెంబరులో తెరిచే హాస్టల్ గురించి అక్టోబరులో ఏ తల్లి నమ్మకం పెట్టుకుంటుంది?

తుంగభద్ర తీరం
ఈ చర్చ చూసి ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను. నేను ఆ పిల్లలలో ఒకదాన్ని. ఇప్పుడు కర్నూలులో నర్సుగా పనిచేస్తున్నాను.

ఎర్రనేల గారూ, రెండు చేతుల కోసమే తీసుకుపోతారన్నారు. మా ఇంట్లో నన్ను తీసుకుపోయింది కోతకు కాదు. మా తమ్ముడికి అప్పుడు ఏడాది కూడా నిండలేదు. అమ్మ కాయలు కోస్తుంటే వాడిని ఎత్తుకునే మనిషి కావాలి. మిరప కోసిన చేతులతో పసిబిడ్డను ముట్టుకోకూడదు. సబ్బుతో ఎంత తోమినా ఆ ఘాటు గంటల తరబడి పోదు. ఒకసారి అమ్మ మరిచిపోయి వాడి ముఖం తుడిచింది. వాడు ఊపిరి తిరగకుండా ఏడ్చాడు. అప్పటి నుంచి వాడికి స్నానం, అన్నం, నిద్ర అన్నీ నా చేతి మీదే. చేను గట్టున చీరతో కట్టిన ఉయ్యాల పక్కన కూర్చోవడమే నా పని. నాకు కూలీ రాదు, నా పేరు ఏ లెక్కలోనూ ఉండదు. బాల కార్మికులు ఉన్నారేమో చూడటానికి ఎవరైనా వచ్చినా నేను కనిపించను. "బిడ్డను ఆడిస్తోంది" అంటారు.

అందుకే పెద్ద పిల్లల హాస్టల్ ఒక్కటే పెడితే మా లాంటి ఇళ్ళకు సరిపోదు. కోత జరిగే చోట పసిపిల్లలను చూసే మనిషి ఉంటే అక్కను బడికి పంపడానికి ఇంట్లో ఒప్పుకుంటారు. మా అమ్మ ఎన్నోసార్లు అన్న మాట ఇది: "నిన్ను పనికి తెచ్చుకోలేదు తల్లీ, వీడికి తెచ్చుకున్నాను."

ఎర్రనేల
అమ్మా, ఈ కోణం నాకు తట్టలేదు. నిజంగా.

పల్నాటి మిరప
నేను కోత జరిగే వైపు రైతును. మా మీద కూడా నింద ఉంటుంది కాబట్టి మా సంగతి చెబుతాను. మిరప ఒక్కసారి కోసి ముగించే పంట కాదు. రెండు మూడు కోతలు ఉంటాయి. పండిన కాయ చెట్టు మీద ఎక్కువ రోజులు ఆగితే రంగు పోతుంది, తాలు ఎక్కువవుతుంది, గుంటూరు యార్డులో ధర పడిపోతుంది. అందుకే అందరికీ ఒకే నెలలో కూలీలు కావాలి. మా ఊళ్ళ జనం చాలదు. ఆదోని వైపు నుంచి వచ్చే కూలీ ముఠాలు లేకపోతే కాయ చేలోనే రాలిపోతుంది.

2025లో ధర ఎలా కూలిందో మీకు గుర్తుండే ఉంటుంది. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది కోత కూలీయే మా నడ్డి విరుస్తుంది. కాబట్టి పిల్లల బాగోగులకు రైతు అదనంగా ఖర్చు పెట్టాలి అంటే చిన్న రైతు, ముఖ్యంగా కౌలు రైతు, చేయలేడు. అయితే చేయగలిగింది ఒకటి ఉంది. ముఠా దిగిన రోజే మా ఊరి బడికి కబురు చేయవచ్చు. ఎంత మంది పిల్లలు వచ్చారో మాకే ముందు తెలుస్తుంది. గుడారాలు వేసుకునేది మా కల్లాల పక్కనే కదా. మా ఊళ్ళో ఇద్దరు ముగ్గురు రైతులం ఇలా చేస్తున్నాం. అందరు పిల్లలూ వెళ్ళరు, కొందరైనా వెళుతున్నారు.

గుంటూరు టీచరమ్మ
ఆ కబురు అందుకునే వైపు నేను ఉన్నాను. మా ప్రాథమిక పాఠశాలకు జనవరి నుంచి ఆదోని, కోసిగి వైపు పిల్లలు వస్తారు. కొన్ని ఏళ్ళు పదిహేను మంది దాకా, కొన్ని ఏళ్ళు ముగ్గురు నలుగురే. మొదట్లో మా దగ్గర జరిగే గొడవ ఏమిటంటే టీసీ లేదు, ఆన్‌లైన్‌లో పిల్లవాడి వివరాలు పాత బడిలోనే ఉన్నాయి, కనుక చేర్చుకోవడానికి కుదరదు అనేవారు. మధ్యాహ్న భోజనం లెక్కలోకి వారు రారు. వంట ఏజెన్సీ వారు "మా లెక్క తప్పుతుంది" అంటారు. పిల్లవాడు వరండాలో నిలబడి వాసన చూస్తూ ఉంటాడు. ఆ దృశ్యం చూసి ఏ టీచరూ భోజనం చేయలేదు. మేము మాలో మేము సర్దుకుని పెట్టేవాళ్ళం. అది పద్ధతి కాదని మాకూ తెలుసు.

న్యాయవాణి
టీచరమ్మ గారూ, ఈ విషయంలో చట్టం చాలా స్పష్టంగా ఉంది. వృత్తిరీత్యా న్యాయవాదిని కాబట్టి రాస్తున్నాను. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఐదో సెక్షన్ ప్రకారం పిల్లవాడు ఒక బడి నుంచి మరో బడికి మారవచ్చు, రాష్ట్రం దాటి కూడా మారవచ్చు. టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోవడం ఆపకూడదు, ఆలస్యం చేయకూడదు. వయసు ధ్రువపత్రం లేదని కూడా నిరాకరించకూడదు. అది 14వ సెక్షన్. తొమ్మిదో సెక్షన్‌లో స్థానిక సంస్థల బాధ్యతలు వరుసగా రాశారు. వాటిలో వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించడం ఒకటి. అంటే పంచాయతీ మీద కూడా ఆ బాధ్యత ఉంది.

లోపం ఎక్కడంటే, ఈ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ వారికే. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఈ రక్షణ లేదు. వారే మాష్టారు చెప్పిన పబ్లిక్ పరీక్షల పిల్లలు.

మరో సంగతి. కార్మికుల చట్టాల వైపు నుంచి ఏదైనా దొరుకుతుందా అని చాలామంది అడుగుతారు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమైనా, దాని స్థానంలో తెచ్చిన కొత్త కార్మిక కోడ్ అయినా వలస విషయంలో రాష్ట్రం సరిహద్దు దాటిన వారి గురించే మాట్లాడుతుంది. కోసిగి నుంచి సత్తెనపల్లికి వచ్చిన మనిషి వందల కిలోమీటర్లు ప్రయాణించినా రాష్ట్రం దాటలేదు కాబట్టి వారికి ఆ పేరు వర్తించదు.

పాలమూరు మట్టి
మా నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు కూడా ఇదే కథ. మా వాళ్ళు ముంబై, పుణె భవన నిర్మాణాలకు పోయేవారు. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, కర్నూలు జిల్లాది 60 శాతానికి కాస్త తక్కువ. ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీద అది 67. వలస జిల్లాలు ఏవో ఆ అంకెలే చెబుతాయి.

మా వైపు చూసింది ఒకటి చెబుతాను. తాత, నాయనమ్మ ఇంట్లో ఉన్న చోట పిల్లలు ఊళ్ళో ఆగుతారు. హాస్టల్ అవసరం కూడా ఉండదు. కానీ ఆ ముసలివారికి వండి పెట్టే ఓపిక ఉండదు. రాత్రి ఒక పూట అన్నం దొరికితే ఆ ఇంటి పిల్లలు ఆగిపోతారు. పడక కోసం గదులు, వార్డెను, మంచాలు అని పెద్ద ప్రణాళిక వేసేకంటే కొన్ని ఊళ్ళలో బడిలోనే రాత్రి భోజనం, రెండు గంటల చదువు పెడితే తక్కువ ఖర్చులో ఎక్కువ మంది మిగులుతారని నా నమ్మకం.

వసతిగృహం
సీజనల్ హాస్టల్ బాధ్యత కొన్నేళ్ళు చూశాను. పాలమూరు మట్టి గారి సూచన బాగుంది. మగపిల్లల విషయంలో వెంటనే పనిచేస్తుంది. ఆడపిల్లల విషయం వేరు.

హాస్టల్ అంటే చాలా చోట్ల పగలు తరగతి గది, రాత్రి పడక గది. బెంచీలు ఒక పక్కకు నెట్టి చాపలు పరుస్తాం. ఉదయం మళ్ళీ సర్దాలి. స్నానాలకు చాటు ఉండదు. ఆడపిల్లలు తెల్లవారుజామున చీకట్లోనే లేచి ఒకరికొకరు దుప్పటి అడ్డం పట్టుకుని స్నానం చేయడం చూసిన తర్వాత నేను పై అధికారులకు రాసిన ప్రతి ఉత్తరంలో మొదటి వాక్యం అదే. గదికి గడియ కావాలి, స్నానాల గది కావాలి, రాత్రి ఉండే మహిళా సిబ్బంది కావాలి. ఆ మూడూ ఉన్న చోట ఆడపిల్లలు నిలిచారు. లేని చోట నెల తిరగకుండానే తండ్రి వచ్చి తీసుకుపోయాడు. ఆ తండ్రిని నేను తప్పుపట్టలేను.

డబ్బు ఆలస్యం గురించి మాష్టారు చెప్పారు. కూరగాయల కొట్టువాడి దగ్గర అప్పు పెట్టి నడిపిన నెలలు ఉన్నాయి.

తుంగభద్ర తీరం
వసతిగృహం గారు చెప్పిన గడియ మాట అక్షరాలా నిజం. దానికి ఇంకొక ముడి ఉంది. ఈడొచ్చిన పిల్లను ఊళ్ళో ముసలివారి దగ్గర వదిలి పోవడానికి తల్లి భయపడుతుంది. గుడారంలో తన పక్కన పడుకోబెట్టుకోవడానికీ భయపడుతుంది, ఎందుకంటే చుట్టూ ఎవరెవరో ఉంటారు. ఆ రెండు భయాల మధ్య దారి పెళ్ళి. మా తరగతిలో నాతో చదివిన అమ్మాయిల్లో చాలామందికి పదో తరగతి లోపే పెళ్ళిళ్ళు అయ్యాయి. అన్నీ సుగ్గికి పోయే ముందో, వచ్చాకో జరిగినవే. అడ్వాన్సు డబ్బుతో పెళ్ళి చేసి, కొత్త జంటను కూడా కోతకు తీసుకుపోయిన ఇళ్ళు ఉన్నాయి. ఒక జంట అంటే రెండు కూలీలు కదా.

నన్ను కాపాడింది కస్తూర్బా బాలికా విద్యాలయం, ఆడపిల్లల ప్రభుత్వ వసతి బడి. ఆరో తరగతిలో సీటు వచ్చింది. దాని తలుపుకు లోపల గడియ ఉంది, బయట కాపలా ఉంది. అందుకే మా నాన్న ఒప్పుకున్నాడు. చదువు మీద ప్రేమ తర్వాత వచ్చింది.

న్యాయవాణి
జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019–21లో జరిగింది. దాని ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళి అయింది. దేశ సగటు 23.3. ఈ ముడి గురించి అమ్మాయి గారు చెప్పినంత సూటిగా నేను ఏ నివేదికలోనూ చదవలేదు. పెళ్ళి కుదిరిందని తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయవచ్చు. చేసిన వారి పేరు బయటపెట్టరు.

ఇటుకబట్టీ బడి
నాది పెద్దపల్లి వైపు. ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి ఇటుక బట్టీలకు వచ్చే వారి పిల్లలతో కొన్నేళ్ళు పనిచేశాను. మీ చర్చకు ఇది దగ్గరిదే కాబట్టి రాస్తున్నాను.

అక్కడ అడ్వాన్సు ఇచ్చేది ఒక్కొక్కరికి కాదు, ఒక జట్టుకు. దానిని పథూరియా అంటారు. భర్త, భార్య, వారితో ఒక పిల్ల లేదా పిల్లవాడు. అంటే పిల్ల మొదటి నుంచీ లెక్కలో ఉంది. పచ్చి ఇటుకలు ఆరడానికి తిప్పాలి. పెద్దవారు వరుసల మీద నడిస్తే నొక్కుకుపోతాయి, పిల్లల బరువుకు ఏమీ కాదు. అందుకే ఆ పని పిల్లలదే. 1976లోనే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. అడ్వాన్సు తీరేదాకా కదలకూడదు అన్న చోట అది వర్తిస్తుంది. కానీ అది వెట్టి అని రాసిచ్చే అధికారి దొరకాలి కదా.

అయినా ఒకటి సాధ్యమైంది. బట్టీల దగ్గరే బడులు తెరిచారు, ఒడిశా నుంచి ఒడియా పాఠ్యపుస్తకాలు తెప్పించారు, ఒడియా మాట్లాడే బోధకులను పెట్టారు. తెలుగు రాని పిల్లలను తెలుగు బడిలో కూర్చోబెట్టి హాజరు వేయడం కాకుండా వారి భాషలోనే చెప్పారు. తిరిగి వెళ్ళాక వారి ఊరి బడిలో తరగతి పోకుండా ఉండేందుకు ఇది ఉపయోగపడింది. అన్ని బట్టీలలో జరగలేదు, ఏటా ఒకేలా జరగలేదు. రెండు రాష్ట్రాల మధ్య, రెండు భాషల మధ్య ఇంత చేయగలిగినప్పుడు ఒకే రాష్ట్రంలో, ఒకే భాషలో, ఒకే పాఠ్యపుస్తకంతో కర్నూలు నుంచి గుంటూరు దాకా చేయలేకపోవడం నాకు అర్థం కాదు.

ఎర్రనేల
ఇదే నేను అడగాలనుకున్నది. రేషన్ బియ్యం రాష్ట్రంలో ఏ దుకాణంలోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. మా ఊరి వాళ్ళు గుంటూరు జిల్లాలో తీసుకుంటున్నారు కూడా. బియ్యం మనిషి వెంట వెళుతున్నప్పుడు భోజనం, హాజరు పిల్లవాడి వెంట ఎందుకు వెళ్ళవు?

గుంటూరు టీచరమ్మ
ఎర్రనేల గారూ, ఈ మాట మా మండల సమావేశంలో చెబుతాను, మీ పేరు మీదే.

హాజరు సంగతి వచ్చింది కనుక ఇంకొకటి. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బుకు 75 శాతం హాజరు ఉండాలి. ఇంతకుముందు అమ్మ ఒడికీ అంతే. 2025 జూన్‌లో ఒక్కో పిల్లకు 13,000 రూపాయలు తల్లుల ఖాతాలో పడ్డాయి. కానీ నాలుగు నెలలు వలస పోయిన పిల్లకు 75 శాతం ఎలా వస్తుంది? నా దగ్గర రెండు నెలలు రోజూ కూర్చున్న పిల్లకు కూడా ఆ హాజరు తన సొంత బడి లెక్కలో కలవదు. ఆ డబ్బు ఎవరిని బడిలో ఆపాలని పెట్టారో వారికే అందకుండా పోతోంది. ఇక్కడి హాజరును అక్కడ కలిపే ఏర్పాటు ఒకటి చేస్తే, తల్లి తానే పిల్లను తీసుకొచ్చి మా బడిలో వదులుతుంది. నేను ఆ తల్లులతో మాట్లాడే చెబుతున్నాను.

బడిగంట
టీచరమ్మ గారూ, చాలా ముఖ్యమైన మాట చెప్పారు. మా వైపు తల్లులకు ఆ డబ్బు మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సుతో పోటీ పడగలిగే ఒకే ఒక్క మొత్తం.

ఉపాధి హామీ గురించి కూడా ఒక మాట. 2006 ఫిబ్రవరి 2న మన రాయలసీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అది మొదలైంది. వలస ఆపడమే దాని మొదటి ఆశయాల్లో ఒకటి. కానీ మా ఊళ్ళలో పనులు జోరుగా సాగేది వేసవిలో. జనం వెళ్ళిపోయేది నవంబరులో. అప్పుడు పని అడిగినా కూలీ ఖాతాలో పడేది ఎప్పుడో తెలియదు. మేస్త్రీ డబ్బు ఈ రోజు చేతిలో ఉంటుంది. బిడ్డకు జ్వరం వచ్చినా, కిరాణా కొట్టులో బాకీ ఉన్నా అక్కరకు వచ్చేది అదే.

సముద్రాల ఆవల
నమస్కారం. మాది ఆదోని దగ్గర పల్లె. ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నాను. మా మిత్రులం కొందరం కలిసి ప్రతి ఏటా బడులకు బ్యాగులు, పుస్తకాలు పంపిస్తున్నాం. ఇదంతా చదివాక అది సరిపోదని తెలుస్తోంది. ఏది అవసరమో చెబితే అది చేస్తాం. ట్యాబులు ఇస్తే పిల్లలు వెళ్ళిన చోట చదువుకుంటారా?

వసతిగృహం
సోదరా, మీ మనసుకు ధన్యవాదాలు. ట్యాబులు వద్దు. గుడారంలో కరెంటు ఉండదు, ఫోను ఛార్జింగ్ పెట్టుకోవడానికే రైతు ఇంటికి వెళ్ళాలి. స్నానాల గదులు కట్టించండి. తలుపులు, లోపలి గడియలు, నీళ్ళ ట్యాంకు, రాత్రి వెలుగు. ఇంకా మిగిలితే అక్టోబరు, నవంబరు నెలల భోజనం ఖర్చు ముందుగా ఇవ్వండి. ప్రభుత్వ నిధి ఎలాగూ వస్తుంది, ఆలస్యంగా వస్తుంది. ఆ రెండు నెలల ఖాళీ పూడితే హాస్టల్ దసరా సెలవులు అయిన మర్నాడే తెరుచుకుంటుంది. సొమ్ము ఏ వ్యక్తి చేతికీ ఇవ్వకండి. పాఠశాల యాజమాన్య కమిటీ ఖాతాకు, తీర్మానం రాయించుకుని ఇవ్వండి.

పాలమూరు మట్టి
బాగా చెప్పారు. బ్యాగుల పంపిణీకి ఫొటోలు వస్తాయి, గడియకు రావు. అయినా గడియే పెట్టించండి.

ఎర్రనేల
ఒక సందేహం. ఇలా మనం ఏర్పాట్లు చేస్తూ పోతే పిల్లలు పనిలో ఉండటం మామూలే అని ఒప్పుకున్నట్టు కాదా? పత్తి విత్తనాల క్షేత్రాల్లో క్రాసింగ్ పనికి, అంటే పూలకు చేత్తో పుప్పొడి అంటించే పనికి, ఆడపిల్లలనే పెట్టేవారు. గద్వాల వైపు, మన కర్నూలు వైపు అందరికీ తెలిసిందే. అక్కడ "పేదవాళ్ళు, ఏం చేస్తాం" అనుకుని ఊరుకుంటే మారేది కాదు.

ఇటుకబట్టీ బడి
ఊరుకోకూడదు. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పట్టిన పట్టు అదే. పేదరికం పోయాక పిల్లలు బడికి వస్తారని ఆగలేదు. ముందు పిల్ల బడిలో ఉండాలి, ఆ తర్వాతే మిగతా మాట. పనిలోంచి బయటికి వచ్చిన పిల్లలను నేరుగా తరగతిలో పడేయకుండా శిబిరాల్లో ఉంచి, కొన్ని నెలలు చదివించి, ఈడుకు తగిన తరగతిలో చేర్చేవారు. ఆ కృషికే 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది. అక్కడ గెలిచింది ఊరు. సర్పంచి, టీచరు, యువకులు కలిసి యజమాని ఇంటికి వెళ్ళి కూర్చునేవారు. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత 14 లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదు. సొంత కుటుంబానికి సాయంగా చేసే పనికి ఇచ్చిన మినహాయింపు కూడా బడి వేళల తర్వాత, సెలవుల్లో మాత్రమే. కోత కూలీ సొంత కుటుంబ పని కాదు.

పల్నాటి మిరప
మేము పిల్లలకు కూలీ ఇవ్వం. కానీ కిలోల లెక్కన ఇచ్చినప్పుడు తల్లి సంచిలో పిల్ల కోసిన కాయలు కూడా పడతాయి. నాకు తెలుసు, చూస్తూనే ఉన్నాను. దాన్ని ఆపాలంటే ముఠాతో మాట్లాడుకునేటప్పుడే మేస్త్రీకి చెప్పాలి. పిల్లలు ఉన్న జంటలను తెస్తే వారిని బడికి పంపే బాధ్యత నీదే అని. ఈసారి నేను చెబుతాను. మా ఊరి రైతులతోనూ చెప్పిస్తాను. మేస్త్రీలు మా మాట వింటారు, వచ్చే ఏడాది బేరం కూడా మాతోనే కదా.

అలాగే పసిపిల్లల సంగతి. అమ్మాయి గారు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. మా ఊరి అంగన్‌వాడీ కేంద్రం కల్లాలకు ఫర్లాంగు దూరం. కూలీల పిల్లలను అక్కడ కూర్చోబెట్టుకోవడానికి ఆ టీచరు సిద్ధమే. కానీ ఆ కేంద్రం తెరిచేది తొమ్మిది గంటలకు, కోత మొదలయ్యేది పొద్దు పొడవకముందే. ఆ మధ్య మూడు గంటలు ఎవరు చూడాలి అన్నదే మిగిలింది. మా ఆవిడ, పక్కింటి వదిన గారు చూస్తామంటున్నారు.

తుంగభద్ర తీరం
అన్నా, ఆ మూడు గంటల కోసమే నేను ఒక ఏడాది చదువు పోగొట్టుకున్నాను. వదిన గారికి నా నమస్కారాలు చెప్పండి.

గుంటూరు టీచరమ్మ
బడిగంట మాష్టారూ, మనం ఇద్దరం ఒక పని చేద్దామా? మీ బడి నుంచి వెళుతున్న పిల్లల పేర్లు, తరగతి, ఎంతవరకు పాఠం అయింది, మేస్త్రీ వారిని ఏ మండలానికి తీసుకుపోతున్నాడు, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి పిల్ల చేతికి ఇవ్వండి. కింద మీ ఫోను నంబరు. కంప్యూటర్‌లో వివరాలు మారేదాకా ఎదురుచూడకుండా ఆ కాగితంతో మా వైపు ఏ బడిలోనైనా కూర్చోబెట్టుకునేలా నాకు తెలిసిన టీచర్లతో మాట్లాడతాను. తిరిగి వచ్చేటప్పుడు మేము హాజరు, మార్కులు రాసి అదే కాగితం వెనుక సంతకం పెట్టి పంపుతాం.

బడిగంట
తప్పకుండా. మా ప్రధానోపాధ్యాయులు కూడా ఒప్పుకున్నారు, బడి ముద్ర వేసి ఇస్తారు. ఇప్పటికే వెళ్ళిపోయిన వారి సంగతి ఊళ్ళో పెద్దవారిని అడిగి ఫోను నంబర్లు తీసుకుంటున్నాను. సత్తెనపల్లి, ప్రత్తిపాడు వైపు వెళ్ళిన వారి జాబితా ముందు పంపుతాను. పదో తరగతి వారిని మాత్రం విడిగా చూడాలి. వారిలో నలుగురు ఇంకా బయలుదేరలేదు, రేపు సాయంత్రం వారి ఇళ్ళకు వెళుతున్నాం. వసతిగృహం గారూ, వారిలో ఇద్దరు ఆడపిల్లలు. దగ్గరలోని కస్తూర్బాలో మధ్యలో చేర్చుకునే వీలుందా? సీట్లు లేవంటే ఎవరిని అడగాలి?

వసతిగృహం
ఉంది. జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయంలో బాలికల విద్య చూసే అధికారిణి ఉంటారు, వారి అనుమతితో మధ్యలో కూడా తీసుకుంటారు. అర్జీలో "వలస కుటుంబం, పదో తరగతి, పరీక్ష రుసుము చెల్లించారు" అని తప్పకుండా రాయండి. ఆధార్ నకలు, మీ ప్రధానోపాధ్యాయుల ఉత్తరం జతచేయండి. రేపు ఇళ్ళకు వెళ్ళేటప్పుడే తల్లి సంతకం తీసుకోండి, వారు బయలుదేరాక దొరకదు.